ఇబ్రాలో మా అమ్మాయి రెండు మాటలు కలిపింది

గురువారం డ్యూటీ ఒంటిగంటకే ముగించుకుని, ఈ ఎడారి దేశంలో నేను పనిచేసే మబేలా నుంచి షేర్ టాక్సీలో బుర్జ్ అల్ సహ్వా బస్టాండుకు చేరాను. ముందురోజు నా భార్య మరీనా ఇబ్రా నుంచి ఫోన్ చేసి, "మిలా రెండు మాటలు కలుపుతోంది" అని చెప్పింది. మరీనాది క్రొయేషియా. ఇబ్రా కాలేజీలో ఆమె ఉద్యోగం అయిపోయింది. వచ్చే వారం పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోతోంది. నాకు అక్కడి వీసా ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఈలోగా నా రెండేళ్ల కూతురు నాతో ఒక్క వాక్యమైనా మాట్లాడితే వినాలని నా ఆశ.

మూడింటికి బస్సు కదిలింది. లోపల ఏసీ వణికించేస్తుంది, వెళ్లేవాళ్లు ఒక తువ్వాలైనా దగ్గరుంచుకోండి. పక్క సీట్లో జగిత్యాల మనిషి రాజం. ఇబ్రాలో సెంట్రింగ్ పని చేస్తాడట.

"ఎటు పోతున్నవ్ అన్నా?"

"ఇబ్రాకే. మా పాప మాటలు కలుపుతోందట, వినడానికి."

"గింత దానికా? ఫోన్ల వినొచ్చు గదా!" అని నవ్వాడు. దారిలో బిద్‌బిద్ ఊరు దాటాక తనే మళ్లీ అన్నాడు: "నా బిడ్డ మాటలు నేర్సినప్పుడు నేను సైట్ మీదనే ఉన్న. ఇప్పుడు ఫోన్ల మస్తు మాట్లాడుతది. నాకే ఏమడగాల్నో తెల్వది."

నా దగ్గరున్న సమోసా ఒకటి అతని చేతిలో పెట్టాను.

ఐదున్నరకు ఇంట్లో ఉన్నాను. మిలా గ్లాసు చాచి "యోష్ వోదా" అంది. ఇంకా నీళ్లు! నేను ఎగిరి గంతేశాను.

"పెద్దవాళ్లమైతే 'వోదా' చివర మార్చి పలుకుతాం. ఆ మార్పులు తర్వాత వస్తాయి. ముందు మాటకు మాట అతకాలిగా" అంది మరీనా.

పిల్లి కనబడకపోతే "నెమా మాత్సా". పిల్లి లేదు. సాయంత్రమంతా నీళ్లు, పిల్లి, బిస్కెట్. నేను మాత్రం వాటిలో లేను. వాళ్ల భాషలో నాన్నను తాతా అంటారు. ఆ ఒక్క మాట వస్తే చాలని పిల్ల వెంటే తిరిగాను.

శుక్రవారం పొద్దున స్నానానికెళ్లి తలుపు వేసుకున్నాను. బయట చిన్న చేతుల చప్పుడు. "నెమా తాతా. నెమా తాతా."

బయటికొచ్చి మరీనా వైపు చూశాను. ఆమె తల దించుకుంది.

"నాన్న లేడు అంటోంది. అన్నిటికన్నా ముందు కలిపింది ఇదే. నువ్వెళ్లిన ప్రతిసారీ తలుపుల వెనక వెతుకుతుంది. నీకు బాధగా ఉంటుందని చెప్పలేదు."

మా కాకినాడ వైపు పసిపిల్లలకు చెప్పి ప్రయాణమవరు. ఎవరో ఒకరు కాకినో కుక్కనో చూపించి ఏమారుస్తారు, వెళ్లేవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని జారుకుంటారు. పిల్ల ఏడవకూడదని ఇన్నాళ్లూ నేనూ అదే చేశాను.

"ఈసారి చెప్పి వెళ్లు" అంది మరీనా.

"ఏడుస్తుందే!"

"ఏడవనీ. నువ్వెటు వెళ్లావో దానికి తెలియాలి."

శనివారం మధ్యాహ్నం బ్యాగు భుజాన వేసుకుని మిలా ముందు గొంతుక్కూర్చున్నాను. "నాన్న బస్సెక్కుతున్నాడమ్మా" అన్నాను. మరీనా తన భాషలో మళ్లీ చెప్పింది. పిల్ల బ్యాగును చూసింది, నన్ను చూసింది. ఒక్కసారిగా ఘొల్లుమని నా చొక్కా పట్టుకుంది. అబ్బబ్బ, ఆ పిడికిలి విడిపించడం నా వల్ల కాలేదు. మరీనాయే ఒక్కో వేలూ తీసింది.

ఇబ్రాలో పాత మట్టి ఇళ్లు, బుధవారం ఆడవాళ్ల సంత చూడదగ్గవని చెబుతారు. నేను అవేవీ చూడలేదు. బస్సులో ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే కొండలు బాగా కనిపిస్తాయంటారు. అవీ చూడలేకపోయాను. కళ్లు మూసినా తెరిచినా ఇందాక దాటొచ్చిన మా ఇంటి గేటే. తల్లి చంకలోంచి సగం బయటికి వాలి, రెండు చేతులూ చాచి మిలా అరిచింది: "తాతా దోజీ! తాతా దోజీ!"

నాన్నా, రా. అర్థం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నా కూతురు నన్ను మొదటిసారి రమ్మంది. నేను బస్సెక్కాను.