పానకం తాగిన వానదేవుడు

మా అత్తయ్యది గుంటూరు. జర్మనీలో మేముండే బ్రెమెన్ వచ్చిన మూడు నెలల్లో ఆవిడ అంట్లు తోమబోతే మెషీనుందన్నాను. ఆదివారం పిండి రుబ్బబోతే కిందవాళ్ళు గొడవ చేస్తారన్నాను.

"ఈ ఇంట్లో నాకు పనేం లేదమ్మాయ్," అంది ఒకరోజు నవ్వుతూనే. నా ప్రాణం చివుక్కుమంది. అందుకే తిరుగు ప్రయాణానికి పదిరోజుల ముందు వడియాలు పెడతాననగానే బూడిద గుమ్మడికాయ కోసం ఊరంతా గాలించాను.

బాల్కనీలో పెట్టిందో లేదో, వాన! లోపలికి లాక్కొచ్చాం.

"హీటరు మీద ఆరబెడదామా?" అన్నాను.

"ఎండ తగలనిది వడియమా, నా మొహమా!"

నా డెస్కు మీద మా ఆయన ఫ్లోమార్క్ట్ అనే పాతసామాన్ల సంతలో ఏరి తెచ్చిన రాతిబొమ్మ ఉంది. కళ్ళ చుట్టూ గుండ్రటి రింగులు, మీసంలా మెలితిరిగిన పైపెదవి, కింద కోరలు, చేతిలో చిన్న కూజా. కూజాలో నా పెన్నులు. అత్తయ్య కోరలు చూసింది, కూజా చూసింది.

"మంగళగిరి పానకాల స్వామి! నరసింహుడి చేతిలో పెన్నులా? లెంపలేసుకో!"

"మరి కళ్ళజోడేమిటత్తయ్యా?"

"ఈ మబ్బుల దేశంలో చూపు మందగించుంటుంది, పాపం."

పూటపూటా కూజా నిండా పానకం పోసి, ఎండ కాయించు తండ్రీ అని మొక్కింది. పోసినకొద్దీ వాన పెరిగింది. మూడోనాటికి చీమలు పట్టాయి. స్వామిని సింకులో కడుగుతుంటే అడుగున చీటీ కనిపించింది: త్లాలోక్, మెక్సికో ప్రాచీన వానదేవుడు, మ్యూజియం నకలు. ఓరి నాయనో! వెతికి చూస్తే ఆ రింగుల కళ్ళు, ఆ కోరలు ఆయన గుర్తులేనట. వాన పోసేది ఆ కూజాలోంచేనట. మేం దాన్నే నింపుతున్నాం!

చెప్పక తప్పలేదు. అత్తయ్య బొమ్మను ఎగాదిగా చూసింది.

"వానలు పడకపోతే మావైపు శివుణ్ణి నీళ్ళలో ముంచుతాం. ఈయన్ని ఎండబెడితే గానీ దారికి రాడు. పెట్టు హీటరు!"

కూజా బోర్లపడేలా ఆయన్ని తలకిందులుగా హీటరు మీద పెట్టింది. ఒక్కడే దిగులుపడతాడని నేను చుట్టూ వడియాల పళ్ళేలు సర్దాను. దేవుడి పక్కన ఆరుతున్నాయి కదాని ఆవిడా ఊరుకుంది. నాలుగు రోజులకి వడియాలు గలగలలాడాయి. వాన మాత్రం ఆగలేదు.

డబ్బా మూత బిగిస్తూ, "ఏడాదంతా నా చేతివే తింటారు," అంది. మూడు నెలల్లో ఆ గొంతులో అంత గర్వం నేను వినలేదు.

నిన్న గుంటూరు నుంచి ఫోన్ చేసింది.

"ఆయన్ని హీటరు మీంచి దించావా?"

"లేదత్తయ్యా."

"మరా చప్పుడేంటి? మళ్ళీ వానేనా?"

కిటికీ అవతల కుండపోత. నేను ఫోన్ మూకుడు దగ్గరికి జరిపాను.

"కాదత్తయ్యా. మీ వడియాలు వేగుతున్నాయి."