తడికకి అవతల

మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి బి సెక్షనుకి తెలుగు చెప్పే మాస్టారు పోయిన శుక్రవారం కన్నుమూశారు. రెండో పీరియడు మధ్యలో అటెండరు గుమ్మంలోకి వచ్చి, "సార్, సాయిబు మాస్టారు ఇక లేరండి" అన్నాడు. తిరువూరంతా ఆయన్ని అలాగే పిలిచేది. మధ్యాహ్నానికి ఆయన ఇంటి సందు నిండిపోయింది. గంపలగూడెం బస్సు దిగి వచ్చినవాళ్ళు, నాట్లు వదిలేసి కాళ్ళకి బురదతోనే వచ్చినవాళ్ళు. వాళ్ళలో సగం మంది పది తప్పినవాళ్ళే. ఆ జనం మధ్య నిలబడి నేను ఏడవలేదు. నేను పోతే ఇంతమంది వస్తారా అని ఆలోచించాను. సిగ్గుచేటే, కానీ నిజం.

డెబ్బై రెండులో నేను బదిలీ మీద ఇక్కడికి వచ్చేసరికి ఆయన సీనియరు. మార్కులు బాగా వచ్చే ఎ సెక్షను నాకిచ్చి, మిగిలినవాళ్ళందరినీ ఆయనే అడిగి తీసుకున్నారు. మా రెండు తరగతులూ ఒకే పాకలో, మధ్యలో వెదురు తడిక. నాకు గొంతు ఉంది. పద్యం ఎత్తుకుంటే రోడ్డు మీద సైకిలు దిగి విన్నవాళ్ళున్నారు. ఆయనకి ఉబ్బసం, రెండు పాదాలు దాటితే దగ్గు. అయినా పిల్లలు ఆయన వెంటే పడేవారు. నన్ను చూస్తే లేచి నిలబడేవారు, అంతే.

నేను పద్యం పాడినంతసేపూ బి సెక్షనులో చప్పుడే ఉండేది కాదు. పిల్లల్ని ఆయన నిద్రపుచ్చుతున్నారనుకునేవాణ్ణి. నేను పదవిభాగం చేసి, ప్రతిపదార్థం రాయించడం మొదలుపెట్టగానే అవతల సందడి లేచేది. నా ఫస్టు ర్యాంకు పిల్లలు కూడా కలం ఆపి తడిక వైపు మెడలు సాచేవారు. ఒళ్ళు మండిపోయేది.

ఆయన పద్ధతి వేరు. చదవడం సరిగా రానివాళ్ళనే ముందు లేపి, పద్యంలో ఏం జరిగిందో తమ మాటల్లో చెప్పమనేవారు. తాను వెళ్ళి తడికని ఆనుకుని ఉన్న ఆఖరి బెంచీలో కూర్చునేవారు. వాళ్ళు చెప్పిందే మిగతావాళ్ళు రాసుకోవాలి, కింద చెప్పినవాళ్ళ పేరుతో సహా. ఇదేం చోద్యం అని ఒకసారి అడిగాను. "ముందు కథ పట్టుకోనివ్వండి పంతులు గారూ, సంధులెక్కడికీ పారిపోవు" అన్నారు. మొద్దు పిల్లలకి కావ్యాలెందుకని ఇంకోసారి అంటే, "మొద్దు పిల్లలెవరూ లేరండి, పద్యం కాస్త పొడుగు, అంతే" అని నవ్వారు.

మూడేళ్ళ కిందట ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. ఎప్పుడూ ఎ సెక్షను చూసి వెళ్ళిపోతారు. ఆ రోజు నేనే, "బి సెక్షను కూడా చూడండి సార్" అని తీసుకెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. మాస్టారి పరువు పోతుంటే చూడాలనుకున్నాను. ఇంకో కారణం లేదు.

ఇన్‌స్పెక్టరు గారు వినగడప నుంచి వచ్చే ఒక అమ్మాయిని లేపారు. కూడబలుక్కుని చదివే పిల్ల. కొడుకు అడవికి బయలుదేరుతుంటే తల్లి సాగనంపే పద్యం చదవమన్నారు. ఆ పిల్ల పుస్తకం మూసేసి పాడింది. విరుపులు, సాగదీతలు అన్నీ ఉన్నాయి.

"తల్లి ఒక్క మాటా మాట్లాడదేం?" అన్నారాయన.

"మాట్లాడితే ఏడుపొస్తదండి. మా అమ్మ కూడా అంతే. మా అన్న పనికి ఊరెళ్ళేప్పుడు అన్నం మూట కడతా ఉంటది గానీ, మొహం మాత్రం ఇటు తిప్పదు."

ఇన్‌స్పెక్టరు గారు కలం తీసి ఆ మాట రాసుకున్నారు. నేను ఆ పద్యానికి ఏటా మూడు పేజీలు రాయిస్తాను. ఆ మాట వాటిలో లేదు.

సాయంత్రం స్టాఫ్ రూములో మాస్టారు నా పక్కన కూర్చున్నారు. "మీరే తీసుకొచ్చారట. మంచి పని చేశారు, మా పిల్లల్ని ఎవరూ చూడరు. ఆ రాగం మీదేనండి. మీరు పాడేటప్పుడు మేమంతా నోరు మూసుకుని వింటాం. పద్యం మీరు చెప్తారు, నేను అర్థం చెప్పిస్తాను."

నేను నమ్మలేదు. నా బుద్ధి కనిపెట్టి, మర్యాదగా చెంపదెబ్బ కొట్టారనుకున్నాను. అంత మర్యాద నాకెందుకు లేదని దానికి కూడా కుళ్ళుకున్నాను. ఆ పిల్ల పాడింది అచ్చం నా విరుపులతోనే అని లోపల తెలుస్తూనే ఉన్నా, ఒప్పుకోలేదు. ఆ తర్వాత మూడేళ్ళు ఆయనతో పొడిపొడిగానే మాట్లాడాను.

కొత్త మాస్టారు వచ్చేదాకా రెండు సెక్షన్లూ నన్నే చూడమన్నారు. సోమవారం పొద్దున అటెండరు కట్లు కోసి తడిక విప్పాడు. పిల్లలంతా ఒకచోట సర్దుకున్నారు. అదే పద్యం ఎత్తుకున్నాను. అయిపోగానే బి సెక్షను పిల్లాడొకడు లేచి, "ఇప్పుడు అర్థం మేం చెప్పాలాండి?" అన్నాడు.

చెప్పమని, నేను వెళ్ళి ఆఖరి బెంచీలో ఆయన చోట కూర్చున్నాను. విప్పిన తడికని ఎదురుగా గోడకి ఆనించి ఉంచారు. ఇన్నేళ్ళలో దాని అవతలి వైపు నేను పరీక్షగా చూడటం అదే మొదలు. బెంచీ మీద కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో, వెదురు బద్దల మీద, అరచేతి మేర తలనూనె మరక నల్లగా పేరుకుని ఉంది.