మెట్టలో ఒక్కసారే అడుగుతారు

ఉదయం పదీ ఇరవైకి ఏలూరు బస్టాండులో జంగారెడ్డిగూడెం బస్సు కదిలింది. కిటికీ పక్కన నేనే కూర్చున్నాను. ఎప్పుడూ అది నా భార్య సీటు. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఆమె పుట్టింటికి ఒక్కణ్ణీ వెళ్ళడం అదే మొదలు. ఆమె లేకపోయాక ఆ ఇంటికి నేను ఏమవుతానో నాకు తెలియలేదు.

మాది గణపవరం వైపు, డెల్టా. అక్కడ ఎవరైనా అన్నం తినమంటే మొదట వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారికి "సరే, కొంచెం పెట్టండి" అనాలి. అడిగేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు కనక కంచం పెట్టేసి మరీ అడుగుతారు.

ఏలూరు దాటి పైకి వెళ్ళేకొద్దీ నేల ఎర్రబడుతుంది. చేపల చెరువులు పోయి పామాయిల్ తోటలు వస్తాయి. ఆ మెట్టలో ఒక్కసారే అడుగుతారు. వద్దంటే ఆకలి లేదనుకుంటారు. అవతలి మనిషి మాటను నమ్మడం అది. నాకది అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పెళ్ళయిన కొత్తలో అత్తవారింట మర్యాదకు వద్దన్నాను. కంచం తీసేశారు. సాయంత్రం దాకా కడుపు మాడ్చుకున్నాను.

"ఆకలేస్తే వేస్తోందని చెప్పండి. ఇక్కడ మిమ్మల్నెవరూ బతిమాలరు," అంది నా భార్య.

అలా అందే కాని, తరవాత వెళ్ళిన ప్రతిసారీ వంటింట్లో తన వదినకు చెప్పేది: "ఆయన్ని ఇంకోసారి అడుగు వదినా. డెల్టా మనిషి, ఒక్క పిలుపుకి లేవరు."

ఆ రోజు నేను బస్సు దిగి వెళ్ళి చెప్పులు విడుస్తుండగానే ఆ వదిన అడిగింది.

"భోంచేస్తారా అన్నయ్యగారూ?"

"ఇప్పుడేం వద్దమ్మా, ఏలూరులో టిఫిను చేశాను," అన్నాను. అలవాటు.

ఆవిడ తలూపి లోపలికి వెళ్ళింది. గిన్నెల మీద మూతలు పెట్టిన చప్పుడు వినిపించింది. బావమరిది పేపరు చదువుకుంటున్నాడు. నేను కాసేపు కూర్చుని, లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను.

"ఆకలేస్తోందమ్మా."

"మరి ఇందాక అడిగాను కదండీ," అంటూ ఆవిడ మూతలు తీసింది.

"ఇన్నేళ్ళకి మా ఊరి మనిషయ్యారు బావగారు," అన్నాడు బావమరిది, పేపరులోంచి తలెత్తకుండా.

ముగ్గురం కలిసి తిన్నాం. పెరుగు దగ్గర "ఇంకాస్త అన్నం పెట్టనా" అంటే వెంటనే పెట్టమన్నాను.

తరవాత కూడా రెండు మూడుసార్లు వెళ్ళాను. ఆ ఇంట్లో ఇప్పుడు నన్ను రెండోసారి అడగరు.