గోడ మీద అరచేయి

మగ్గాల పనికి మేమంతా వలసొచ్చిన డిండోలిలో, మేడ మీద మా పక్కగది అక్క, సాయంత్రం ప్రార్థనకు ముందు గోడకు అరచేయి ఆనించి చూసేది. గోడ అవతల మరమగ్గాల షెడ్డు. అదురు తగిలాకే పిల్లలిద్దరికీ చెప్పేది.

"ఇగ పాడుండ్రి బిడ్డా, గట్టిగ పాడుండ్రి."

బావ బైబిలు తెరిచేవాడు. ఆ మోతలో పాట, వాళ్ల గడపలో కూర్చుని చీరలకు రాళ్లు అంటించే నాకు తప్ప ఎవరికీ వినిపించేది కాదు.

"ప్రార్థన జేసేటోళ్ల మీదికి మంది వస్తరని గింత భయమున్నప్పుడు బంద్ జెయ్యరాదా అక్కా?" అన్నానోసారి.

"భయం నాకున్నది చెల్లె, పిల్లలకెందుకు? దేవుని పాట గట్టిగనే పాడుతరనుకోని పెరగనీ."

తర్వాత కొన్నాళ్లకు ఎవరో ఇద్దరు వచ్చి, పై గదిలో రోజూ ఏం జరుగుతోందని ఇంటి యజమానిని అడిగి వెళ్లారు. ఆ సాయంత్రమూ అక్క గోడ తడిమింది. పిల్లలు అందుకున్నారు. పాట సగంలో ఉండగా కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పిల్లలు మాత్రం ఆగలేదు. వాళ్ల గొంతులు గల్లీ అంతా మోగాయి.

కింద ఎవరివో మాటలు ఆగాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది.

అక్క చేయి ఇంకా గోడ మీదే ఉంది. చిన్నమ్మాయి ఆమె ముఖంలోకి చూసి సంబరంగా నవ్వింది.

"అమ్మా, ఇయ్యాల మన పాట ఎంత మంచిగ ఇనవడుతందో!"