నడిమి పేజీ పెద్దమ్మ

తొర్రూరు కిరాణా దుకాణం పెద్దమ్మ పోయిందన్న ఫోన్ వచ్చినప్పుడు నేను డోర్నకల్ స్టేషన్‌లో తిరుగు రైలు కోసం నిలబడి ఉన్నాను. సంచిలో నేను ఆమెకు చదివి చెప్తున్న కథ ఆరో భాగం ఉంది. అంతకుముందు రోజే చేతికొచ్చింది. మధ్యాహ్నానికల్లా తొర్రూరు చేరి ఆమెకు మొదటి అధ్యాయం వినిపించాలనుకున్నాను. దుకాణంలో పనిచేసే హమాలీ అన్న ఫోన్‌లో, "టీచరమ్మా, పెద్దమ్మ పొద్దుగాల చాయ్ తాగింది, గట్లనే ఒరిగింది. జల్ది రా" అన్నాడు. మహబూబాబాద్ దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో ఏడుస్తూనే వచ్చాను. మధ్యలో రెండుసార్లు నవ్వాను కూడా. ఎందుకో చెప్తాను.

ఆమె నాకు చుట్టం కాదు. తొర్రూరులో ఇంగ్లీషు టీచరుగా చేరినప్పుడు ఆమె హోల్‌సేల్ దుకాణం మీది గది అద్దెకు తీసుకున్నాను. భర్త పోయాక దుకాణం గద్దె మీద ఆమే కూర్చునేది, ఎన్నడూ చెప్పులు తొడిగేది కాదు. ఒక ఆదివారం నేను మెట్ల మీద లావుపాటి పుస్తకం చదువుకుంటుంటే అడిగింది.

"గింత లావు బుక్కుల ఏమున్నది బిడ్డా?"

"కథ పెద్దమ్మా. రాజులు, మంత్రగత్తెలు, మంచుకొండలు, రెక్కలున్న పాములు."

"ఒక్క కథకు గింత లావా?"

"ఇది ఒకటో భాగమే. ఇంకా ఆరున్నయ్."

ఆమె కళ్లు మెరిశాయి. సరుకు పెద్ద మొత్తంలో ఉందంటే ఆమెకు ఎప్పుడూ హుషారే. "అయితే చెప్పు" అని పీట వేసింది. ఆ రోజు నుంచి ఆదివారాలు, సెలవు రోజులు, గిరాకీ పలచబడే మధ్యాహ్నం రెండు గంటలకు నేను ఇంగ్లీషులో చదివింది తెలుగులో చెప్పడం, ఆమె మిరపకాయల ఘాటు మధ్య కూర్చుని వినడం.

ఒక కథ అయిపోయాక ఇంకోటి ఎంచుకోవడం నాకు పెద్ద తలనొప్పి. పది రోజులు సమీక్షలు చదువుతాను, స్నేహితులను అడుగుతాను, ఒకటి అనుకుని మళ్లీ మార్చుకుంటాను. పెళ్లి సంబంధానికి కూడా నేను ఇంత ఆలోచించలేదు. పెద్దమ్మ నా అవస్థ చూసి, గోడ మేకుకు వేలాడే ఇనుప గొట్టం చూపించింది. బస్తాలోకి పొడిచి లోపలి గింజలు బయటికి తీసే మొన తేలిన గొట్టం అది.

"బస్తా మూతికాడ అందరు మంచి సరుకే పెడతరు బిడ్డా. నడుమ పొడిచి సూడాలె" అంది.

అప్పటి నుంచి అదే మా పద్ధతి. ఎన్ని భాగాలున్నా ముందు నడిమి భాగం తెప్పించుకోవాలి. ఆమె కళ్లు మూసుకుని ఒక పేజీ మీద వేలు పెడుతుంది. ఆ పేజీలో ఉన్నది ఉన్నట్టు నేను చెప్పాలి. తర్వాత ఆమె అడిగేది ఒకటే ప్రశ్న: "గిండ్ల ఎవలన్న తింటున్నరా?"

లోకమంతా మెచ్చుకున్న ఒక కథను ఆమె రెండు నిమిషాల్లో తిప్పికొట్టింది. యాభై వేల సైన్యం ఎడారి దాటుతున్న పేజీ పడింది.

"గింత మందికి బియ్యం ఎవలు పంపుతున్నరు?"

"రాయలేదు పెద్దమ్మా."

"ఉప్పు? కట్టెలు?"

"అదీ రాయలేదు."

"రాసినాయిన ఎన్నడు దుకాణం నడపలే. వాపస్" అంది. బస్సులో నాకు మొదట నవ్వొచ్చింది ఇది గుర్తొచ్చే.

ఆ వాపస్‌తో నాకు కడుపు మండింది. ఎన్నాళ్ల నుంచో చదవాలనుకున్న కథ అది. అందుకే తర్వాతిసారి దొంగతనం చేశాను. ఆమె వేలు కత్తియుద్ధం మీద పడితే, నేను ఇంకో భాగంలోని పెళ్లి విందు చెప్పాను. రొట్టెలు, మాంసం, తేనె. పెద్దమ్మ సంబరపడింది. రెండో వారానికి కథలో ఎవరింటా పొయ్యి వెలగడం లేదు. ఆమె కళ్లద్దాల మీది నుంచి చూసింది.

"ఆనాడు నువ్వు చెప్పింది నడిమి పేజీదేనా బిడ్డా?"

"కాదు పెద్దమ్మా. ఆ విందు ఇంకో భాగంలది."

"కల్తీ చేసినవ్" అంది. అంతే. పప్పులో రాయి కలిసినా అన్నం మానేసే మనిషి ఆమె. తర్వాత రెండు ఆదివారాలు నాకు పీట వేయలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మూడో ఆదివారం నేనే ఆ ఇనుప గొట్టం తీసి ఆమె ముందు పెట్టి, "ఇగ నుంచి ఉన్నదున్నట్టే చెప్త పెద్దమ్మా, ఒట్టు" అన్నాను. "గా గొట్టంతోని బుక్కుల పొడుస్తవా ఏంది?" అని పకపకా నవ్వి, వేడి సర్వపిండి పెట్టింది. బస్సులో రెండోసారి నవ్వొచ్చింది ఈ మాటకే.

పోయిన ఏడాది వరంగల్ దవాఖానలో, గుండె బలహీనంగా ఉంది, ఎన్నాళ్లో చెప్పలేమన్నారు. అప్పుడు మా ముందు రెండు కథలున్నాయి. ఒకటి మూడు భాగాలు, ఇంకోటి పద్నాలుగు. నేను మూడింటిదే బాగుందన్నాను. నా మనసులో ఏముందో ఆమెకు తెలుసు. "ముందుగాల పొడిచి సూద్దాం" అంది. మూడింటిలో ఒకాయన గుర్రం మీద ఒంటరిగా పోతూ నిట్టూరుస్తున్నాడు. పద్నాలుగింటిలో ఏడో భాగం తీస్తే, ఉప్పు అయిపోయిందని సైన్యానికి వండే ఆవిడ సేనాపతిని చెడామడా తిడుతోంది. పెద్దమ్మ తొడ చరిచి, "గిదే!" అంది.

"పద్నాలుగున్నయ్ పెద్దమ్మా" అన్నాను. "మనకు అయిపోతదా?"

"సరుకు మంచిగుంటె బస్తాలు ఎక్కువున్నయని వాపస్ పంపుతమా? నేను విన్నకాడికి నాది."

ఐదు భాగాలు విన్నది. ఐదో దాని చివర సైన్యం మంచుకొండ కింద చిక్కుకుంది, వంటావిడ దగ్గర ఖాళీ గిన్నెలున్నాయి. "ఏడో భాగంల ఉప్పు కోసం కొట్లాడుతున్నది అంటే కొండ దాటినట్టే. మరి ఏం తిని దాటిన్రు? గది చెప్పు" అని పట్టుబట్టింది. ఏదో ఒకటి కల్పించి చెప్పాలనిపించింది. ఒట్టు గుర్తొచ్చి, ఆరో భాగం వస్తే తెలుస్తుందన్నాను. ఆ సంగతి తెలియకుండానే పోయింది. నాకు మిగిలిన బాధ అదే.

కర్మకాండలు అయ్యాక దుకాణం తెరిచారు. ఆదివారం రెండు గంటలకు కాళ్లు వాటంతటవే కిందికి దిగాయి. హమాలీ అన్న పీట వేశాడు.

"టీచరమ్మా, బియ్యం బండ్లు కొండకాడికి అందినయా?"

"ఏ బియ్యం బండ్లు అన్నా?"

"గదే, వంటామె కోసం తొర్రూరు నుంచి తోలిన నలభై బండ్లు. నువ్వు మీదికి పోయినంక పెద్దమ్మ మాకు చెప్పేది గద! నేను పోయి మా తండల మా లంబాడి మాటల చెప్త. రోజు అడుగుతున్నరు, బండ్లు యాడిదాక వచ్చినయని."

ఐదు భాగాల్లో బియ్యం బండి ఒక్కటీ లేదు. కల్తీ చేశానని రెండు వారాలు నా మొహం చూడని మనిషి, నా వెనకాల నలభై బండ్లు కలిపింది! నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆరో భాగం అప్పటికే చదివాను. రాసినాయన ఒక్క వాక్యంలో సైన్యాన్ని కొండ దాటించేశాడు. ఏం తిన్నారో రాయలేదు.

"అందినయ్ అన్నా. నలభైకి నలభై" అన్నాను. ఒట్టు తప్పినందుకు నాకేమీ అనిపించలేదు. "ముందు బండి మీద ఒక పెద్దామె కూసున్నది. మంచుల గూడ చెప్పుల్లేకుంటనే దిగింది."

అన్న గోడ మేకుకు వేలాడే ఆ ఇనుప గొట్టం చూపించి అడిగాడు. "బస్తాల నడుమ గూడ మంచి బియ్యమేనా?"

"వంటామె ముంగటనే ఒక్కొక్క బస్తా పొడిచి సూపెట్టింది అన్నా."