ఇంటి నంబరు తారీఖైన రోజు

ఇటు జరిగి కూర్చోండి, ఫ్యాను గాలి ఆ మూలకు రాదు. కాళ్లు చాపుకున్నా పర్వాలేదు, ఇక్కడ పరాయివాళ్లెవరూ లేరు. నేను చెప్పబోయేది మా చిక్కడపల్లి ఇంట్లో, ఇదే గదిలో, ఒక పగటిపూట జరిగిన సంగతి. కంప్యూటరు సంగతి. నీకేం తెలుసని చెబుతావంటారేమో. నిజమే, నా చదువు పలకా బలపంతోనే ఆగింది. పక్కన కూర్చుని చూసింది, చెవిన పడింది, అంతే నాకు తెలుసు. కానీ ఒకసారి చూసింది మాత్రం మరిచిపోను.

ముందు మా కోడలి గురించి చెప్పాలి. పాలమూరు వైపు పల్లె నుంచి అశోక్‌నగర్ హాస్టలుకు వచ్చి సర్కారు పరీక్షలకు చదివిన పిల్ల. ఒక పరీక్ష వాయిదా పడింది, ఇంకొకటి రద్దయింది, మరొకటి రాస్తే ఫలితాలు కోర్టులో చిక్కుకున్నాయి. మా అబ్బాయిని చేసుకున్నాక కూడా కొన్నాళ్లు స్టడీహాలుకు పోయి వచ్చింది. ఒకరోజు వచ్చి, "అత్తమ్మ, ఈ పుస్తకాలు అటుక మీద పెడుతున్న. మల్ల దించమని అడిగినా దించకు" అంది. ఆ తర్వాత కంప్యూటరు కోర్సు నేర్చుకుని, నారాయణగూడలో ఒక మందుల దుకాణంలో పనికి కుదిరింది. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు నెలనెలా మందుల డబ్బా ఇంటికే పంపే దుకాణం అది. మా ఇంటాయనకు షుగరు బిళ్లలు కూడా అక్కడి నుంచే వస్తాయి.

ఆ దుకాణం సారు పాత కంప్యూటరు ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాడు. పాతదాంట్లో ఉన్న పేర్లు, ఇంటి నంబర్లు, మందులు అన్నీ ఒక ఫైలుగా చేసి పెన్‌డ్రైవులో పెట్టి కోడలికి ఇచ్చాడు. పాత కంప్యూటరును కొనుక్కున్నవాడు అందులో ఉన్నదంతా తుడిచేశాడు కాబట్టి, ఇక ఉన్నదల్లా ఆ పెన్‌డ్రైవే. "వీటిని కొత్త సిస్టమ్‌ల ఎక్కియ్యాలె. సాయంత్రం డబ్బాలు దాంట్లకెల్లే పోతయ్. మంచిగ నడిచిందా, నువ్వు పర్మనెంట్. లేకుంటే వేరేటోళ్లను చూసుకుంటనమ్మా, ఏమనుకోకు" అన్నాడట. దుకాణంలో కూర్చునే చోటు లేక ఇంటి నుంచే చెయ్యమన్నాడు.

ఆ పొద్దున కోడలు తలస్నానం చేసి, దేవుడి పటానికి దండం పెట్టి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. పరీక్ష రాయబోయేదానిలాగే ఉంది. నేను పక్కన చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ కూర్చున్నాను.

"ఇదేంది బిడ్డా, ఇంట్ల కూసుని దుకాణం కంప్యూటర్‌ల ఎట్ల రాస్తవ్?"

"దుకాణంల ఒక పెద్ద బీరువా ఉందనుకో అత్తమ్మ, దాన్నే డేటాబేస్ అంటరు. నా ల్యాప్‌టాప్‌ల ఈ సాఫ్ట్‌వేర్ ఉంది కద, ఇది ఆ బీరువాకు మనింట్లకెల్లి పెట్టిన కిటికీ. ఇక్కడికెల్లి చెయ్యి పెట్టి అక్కడ సర్దుడే."

చెయ్యి పెట్టింది. కిటికీ తెరుచుకోలేదు. ఎర్ర అక్షరాలు వచ్చాయి. పాస్‌వర్డు మళ్లీ కొట్టింది, ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టింది. అవే ఎర్ర అక్షరాలు.

"ఏమంటాంది?"

"నీ అడ్రస్‌కెల్లి లోపలికి రానియ్య అంటాంది."

మా ఇంటాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆయన మా ఇంటి దగ్గరి క్రాస్‌రోడ్ల సినిమా హాల్లోనే చాలాకాలం గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపినవాడు. "కరెక్టే అంటాంది. టికెట్ లేకుంటె నేను మాత్రం లోపల్కి ఇడిసిన్నా? నీ అత్త వస్తె కూడ బయటనే నిలబెట్టిన."

"టికెట్ ఉంది మామ. అయినా రానిస్తలేదు."

"అయితే మొఖం గుర్తుపట్టలేదు."

నవ్వులాటకు అన్నాడు గానీ అదే నిజమైంది. దుకాణంలో కంప్యూటరు బిగించిన ఆయనకు ఫోన్ చేస్తే, "నిన్న మీకు కరెంటు పోయిందా మేడమ్? గట్లయితే మీ నెట్ డబ్బా కొత్త అడ్రస్ తీస్కుని ఉంటది. మా దగ్గర పాత అడ్రసే రాసి ఉంది" అన్నాడు. ఇల్లు కదల్లేదు, మేము కదల్లేదు, కరెంటు పోయి వస్తే మా అడ్రసు మారిపోయిందట. ఆ మాట నాకు ఇప్పటికీ ఒంటబట్టలేదు. ఆయన కొత్తది రాసుకున్నాక కిటికీ తెరుచుకుంది. కోడలు ఊపిరి వదిలింది. నేను చాయ్ పెట్టాను.

చాయ్ తాగకముందే రెండో గండం వచ్చింది. ఫైలును బీరువాలోకి పంపితే సగం లోపలికి పోయి, సగం చెల్లాచెదురైంది. పేరు ఉండాల్సిన చోట వీధి, వీధి ఉండాల్సిన చోట మాత్రల పేరు. మన అడ్రసుల సంగతి మీకు తెలియనిదేముంది. పాల బూత్ ఎదురుగా, గుడి సందు, రెండో అంతస్తు, కుక్క ఉంది జాగ్రత్త — ఇదంతా అడ్రసే. కామా కనబడ్డ ప్రతిచోటా కంప్యూటరు ఆ ముక్కను తెంపి పక్క గదిలో వేస్తుందట.

"అయ్యో, గట్లయితె కామాలు తీసెయ్."

"అదే చేస్తున్న అత్తమ్మ. ఎక్సెల్‌ల తెరిచి, సాఫ్ చేసి, సేవ్ చేస్త."

అట్లాగే తెరిచింది, బాగుచేసింది, అదే పెన్‌డ్రైవులో, అదే ఫైలు మీదే సేవ్ చేసింది. బీరువాలో చెదిరినదంతా తుడిచేసి మళ్లీ పంపింది. ఈసారి ఒక్కటి కూడా చెదరలేదు. అన్నీ ఎక్కాయని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. సారుకు ఫోన్ చేసి, "అయిపోయింది సార్, లేబుళ్లు తీస్కోవచ్చు" అంది. "శభాష్" అని ఆయనన్న మాట నాకూ వినబడింది. చల్లారిన చాయ్ అమృతంలాగా తాగింది.

అన్నం తిన్నాక ఊరికే మురిపెంగా, "మనింటిది చూద్దాం ఉండు మామ" అని ఆయన పేరు కొట్టింది. కాసేపు తెరవైపు చూసి తల గోక్కుంది.

"మామ, నీ పుట్టిన తారీఖు ఎందుకిచ్చినవ్ దుకాణంల?"

"నాకే తెల్వదు నా పుట్టిన తారీఖు, వాళ్లకేమిస్త?"

"మరి ఇక్కడ ఉంది కద, ఆగస్టు ఒకటి, పంతొమ్మిదొందల యాభై రెండు."

"మంచిది. ఇన్నేండ్లకు ఎవలో చెప్పిన్రు."

నేను నవ్వాను. కోడలు నవ్వలేదు. కిందికి జరిపింది. ఇంకొకరికీ తారీఖే ఉంది. ఆ కింద ఉన్నాయనకు ఇంకా రాని సంవత్సరం తారీఖు ఉంది. పిల్ల లేచి వాకిట్లోకి పోయి, తలుపు మీద రేకు బిళ్ల ముందు నిలబడింది. మా ఇంటి నంబరు 1-8-52.

మీకు అర్థమయ్యే ఉంటుంది. మన పట్నంలో ఇంటి నంబర్లు అట్లాగే గీతలు గీతలుగా ఉంటాయి కదా. ఎక్సెల్‌లో తెరవగానే అది వాటిని తారీఖులనుకుంది. ఒకటి-ఎనిమిది-యాభై రెండు పోయి, ఆగస్టు ఒకటో తారీఖు వచ్చి కూర్చుంది. వెనక పెద్ద అంకెలున్న ఇళ్లు బతికిపోయాయి. చిన్న అంకెలున్న పాత గల్లీల ఇళ్లన్నీ తారీఖులైపోయాయి. కామాల మీద ధ్యాసలో పడి పిల్ల అటు చూడనేలేదు.

"పాత ఫైలు లేదా బిడ్డా?"

"దాని మీదనే సేవ్ చేసిన కదత్తమ్మా."

అయినా చేతులు కట్టుకుని కూర్చోలేదు. డబ్బాలు పోయేది సాయంత్రం కదా, సారుకు తెలిసేలోపే సరిచేసి ఎక్కిద్దామనుకుంది. తారీఖులో పంతొమ్మిదొందలో రెండువేలో తీసేస్తే మళ్లీ ఇంటి నంబరవుతుందని కనిపెట్టి, ఒక్కొక్క వరుసా సరిచేసుకుంటూ పోయింది. నేను పక్కనే కూర్చున్నాను. ఏం చెయ్యను? ఆ గల్లీల్లో ఏ ఇంట్లో ఎవరుండేవాళ్లో, ఎవరి అరుగు మీద ఎవరు కూర్చునేవాళ్లో అన్నీ చెప్పగలను. నంబరు చెప్పమంటే ఒక్కటి కూడా రాదు. ఇంటికి పోవడానికి నంబరు ఎప్పుడు చూశాను నేను? మందార చెట్టు చూశాను, నీలం తలుపు చూశాను. నాకున్న జ్ఞాపకమంతా ఆ పూట ఎందుకూ పనికి రాలేదు.

ఎండ వాలేసరికి ఫైలు తయారైంది. ఇక పంపడమే తరువాయి అనగా కరెంటు పోయింది. పోయిన కరెంటు వెంటనే వచ్చింది. ఎర్ర అక్షరాలు కూడా వచ్చాయి. నీ అడ్రసు నుంచి రానివ్వను.

కంప్యూటరాయన ఫోను స్విచాఫ్. సారు ఎత్తడం లేదు. మా ఆయన ఈసారి తల అడ్డంగా ఊపాడు. గేటు దగ్గర నిలబడ్డవాడికి తెలుసు కదా, లోపల ఎవరి ప్రాణం ఉన్నా టికెట్ అడగక తప్పదని.

"నడువ్ బిడ్డా, మనమే పోదాం" అన్నాను. చీర కూడా మార్చుకోలేదు. పెన్‌డ్రైవు పిడికిట్లో పట్టుకుని పిల్ల ముందు, నేను వెనక. బస్సుల మధ్య నుంచి దాటుకుంటూ, నారాయణగూడ ఫ్లైఓవర్ కింద నుంచి దుకాణానికి చేరాం.

అప్పటికే డబ్బాలు పోయాయి, కొన్ని తిరిగి కూడా వచ్చాయి. డబ్బాలు పంచే ఆయన బండి స్టాండు వేసి కౌంటరు ముందు చెమట తుడుచుకుంటున్నాడు. కోడల్ని చూడగానే అందుకున్నాడు.

"అక్కా, ఇదేం అడ్రసక్కా? మార్చ్ నాలుగుల ఎవరుంటరు? గల్లీ మొత్తం తిరిగిన. ఒక ముసలాయన, మార్చి దాటిపోయింది కొడుకా, వచ్చేటేడు రా అన్నడు."

"ఫోన్ చెయ్యలేదా అన్నా?"

"చేసిన. సగం మంది ఎత్తరు. ఎత్తినోళ్లు మందార చెట్టు దాంక రా, మావోడు నిలబడ్తడు అంటరు. ఏ మందార చెట్టని పోవాలె?"

నా వైపు తిరిగి, "అమ్మా, మీరు గీడనే ఉంటరు కద, ఈ లక్ష్మిగారు ఎవరో ఎరుకనా?" అని ఒక డబ్బా చూపించాడు. లక్ష్మి. మా గల్లీలో చూసినా లక్ష్ములే, పక్క గల్లీలో చూసినా లక్ష్ములే. ఏ లక్ష్మికి బీపీ ఉందో నేనెట్లా చెప్పను? డబ్బా చేతికి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మళ్లీ ఇచ్చేశాను.

సారు వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఏమైందమ్మా?"

కోడలు ఏదీ దాచకుండా చెప్పింది. ఎక్సెల్ సంగతీ, తారీఖుల సంగతీ, పాత ఫైలు మీదే సేవ్ చేసిన సంగతీ. చివరికి పెన్‌డ్రైవు ముందు పెట్టింది. "అన్ని సరిచేసిన సార్. ఇప్పుడు ఎక్కియ్యొచ్చు."

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "ఇది కరెక్టని ఎట్ల తెల్వాలె?"

"కరెక్టే సార్. రెండు సార్లు చూసిన."

"దేన్ని పక్కకు పెట్టుకుని చూసినవమ్మా?"

పక్కన పెట్టుకుని చూడ్డానికి ఏముంది? మా ఇల్లు ఒక్కటి తలుపు మీద చూసుకుంది. మిగతావన్నీ తన నమ్మకం.

"మందులు కద తల్లీ. ఒకరివి ఇంకొకరింట్ల పడితె ఎట్ల?" అన్నాడు ఆయన, మెల్లగానే. "మావోళ్లు ఒక్కొక్కరికి ఫోన్ చేసి రాసుకుంటరు తియ్. నువ్వు ఇంటికి పో. నేను ఫోన్ చేస్త."

తిరిగి వస్తుంటే ఆమె నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. నేను ఏదో ఒకటి అనాలని, "మంచోడే, మొఖం జూస్తె తెలుస్తాంది, ఫోన్ చేస్తడు" అన్నాను. ఆ మాట నాకే తేలిపోయినట్టు వినబడింది. ఇంటికి వచ్చాక పిల్ల చేతికి మంచినీళ్లు ఇచ్చి, చిక్కుడుకాయ కూర వండాను. నాకు చేతనైంది అదే.

ఆ వారంలోనే మా ఆయన మందుల డబ్బా వచ్చింది. ఫోన్ చేసి అడిగారు, మా ఆయనే గేటు దాకా పోయి చెయ్యి ఊపి పిలిచి తీసుకున్నాడు. డబ్బా మీద ఇంకా ఆ పాత లేబులే ఉంది, 01-08-1952 అని. గోరుతో గీకి తీయబోతే ఆయన వద్దన్నాడు. "ఉండనియ్. ఎన్నడో ఒకనాడు ఈ పిల్ల నాకు కేకు కోయిస్తది" అన్నాడు కోడలు వినేటట్టు. ఆమె వింది. నవ్వడానికి చూసింది గానీ, ఒళ్లో ఉన్న ఫోను వైపే కళ్లు పోయాయి.

సారు దగ్గరి నుంచి ఫోన్ రాలేదు. చపాతీ పిండి కలిపేటప్పుడు కూడా ఇప్పటికీ ఫోను పక్కనే పెట్టుకుంటుంది. మొన్నొకరోజు అటుక వైపు చూసి, "అత్తమ్మ, ఆ పుస్తకాలు..." అని ఆగిపోయింది. దించమంటుందో, అమ్మెయ్యమంటుందో తెలియలేదు. నేనూ అడగలేదు. దించొద్దని తనే అంది కదా.

ఇంతే సంగతి. లేస్తున్నారా, చాయ్ తాగి పోదురు. మీ గడప మీద నంబరు మాసిపోకుండా ఉండాలి, మీ ఇంటికని బయల్దేరిన మందూ మంచిమాటా గల్లీల్లో తిరిగి తిరిగి వెనక్కి పోకుండా నేరుగా మీ తలుపే తట్టాలి. మీ ఇంటి పిల్లలు ఎదురుచూసే ఫోను ఎవరిదైనా సరే, అది మోగాలి. చల్లగా ఉండండి.