వెనక గేరు కైలాసం

కాశిబుగ్గ నేతగాడు కైలాసం మిలిటరీ వేలంలో కొన్న జీపుకు ముప్పై ఏళ్లు దాటాయి. రోజూ పొద్దున్నే దాని కింద దూరి, ఊడిన గొట్టాలను మగ్గం నూలుతో కట్టి, "ఇంకొక్క ఏడాది నడువే తల్లీ" అని బతిమాలేవాడు. డెబ్బై తొమ్మిదిలో ఒక మధ్యాహ్నం భార్య భాగ్యమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఆమెను జీపెక్కించాక చూస్తే, రివర్స్ గేరు ఒక్కటే పడింది. "ఫికర్ చెయ్యకు" అంటూ కైలాసం మెడ వెనక్కి తిప్పి, మట్టెవాడ మీదుగా దవాఖాన దాకా వెనక్కే నడిపాడు. జీపు ముఖం రోడ్డు వైపు ఉండటం చూసి గేటు కావలివాడు, "పోతాన్రా? పైలంగ పోండ్రి" అన్నాడు.

"ఇప్పుడే వస్తానం!" అని భాగ్యమ్మ అరిచింది.

సాయంత్రం నర్సు ఆడపిల్లను తెచ్చి కైలాసం ఎదుట నిలబడింది. అతని మెడ ఇంకా వెనక్కే తిరిగి పట్టేసి ఉంది.

"జర నా ఎనకకు రా చెల్లె, బిడ్డను జూస్త" అన్నాడు.